పెరటిలో ఎండ, నీరు

క్రొత్తగా ఇల్లు కట్టుకొన్నవారు తోట వేయదలచినపుడు ముందుగా నర్సరీకి పోయి మొక్కలు కొందురు. పిమ్మట వాటికి చోటు వెదకుదురు. ఈ క్రమము తలక్రిందులు. మొదట ఒక కాగితముపై ఇంటి పటము గీయుడు. ఎండ ఏ వేళ ఎక్కడ పడుచున్నదో, నీరు ఎటు పోవుచున్నదో అందులో గుర్తింపుడు. ఈ రెండును తెలిసినచో సగము తోట సిద్ధమైనట్లే.

ముందు ఎండ సంగతి. మన సీమలో చలికాలమున సూర్యుడు దక్షిణమునకు ఒరిగి నడచును. అందుచేత ఇంటికి ఉత్తరపు వైపు నీడ పడును. వంగ, టమాటా, మిరప వంటి వాటికి తూర్పు, దక్షిణపు వైపులు తగినవి. ఉత్తరపు నీడలో చేమ, పసుపు, తమలపాకు తీగ పెరుగును. పడమటి గోడ వేసవిలో సాయంకాలపు ఎండను పీల్చి, రాత్రి ఆ వేడిని గదులలోనికి వదలును. ఆ గోడకు రెండడుగుల ఎడముగా పందిరి వేసి బీర, కాకర తీగలు ప్రాకించినచో ఇల్లు చల్లబడును, కూరయు దొరకును. మునగను మాత్రము ఇంటికప్పు దరి నాటరాదు. "మునగచెట్టు ఎక్కించుట" అను నానుడి ఊరక పుట్టలేదు. దాని కొమ్మ మిక్కిలి పెళుసు.

చిక్కుడు విషయమున ఓర్పు అవసరము. నాటు చిక్కుడును ఆషాఢమున పెట్టినను, పగళ్లు కురుచయైన తరువాతగాని అది పూయదు. తీగయే గాని కాయ లేదని తొందరపడి పెరికివేయకుడు.

ఇక నీటి మాట. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీటితో ఒక చిన్న తోటకూర మడి పెంచుకొనవచ్చును. స్నానాలగది నీటిని కాలువ తీసి అరటిపాదునకు మళ్లింపవచ్చును. సబ్బు కలిసిన నీటిని ఆకుకూరలపై పోయరాదు.

అన్నింటికంటె ఎక్కువగా వ్యర్థమగునది వాననీరు. నూటయిరువది గజముల డాబా అనగా సుమారు 100 చదరపు మీటర్లు. దానిపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో 1,000 లీటర్ల నీరు దిగును. ఇంటిచుట్టు గేటు దాక సిమెంటు పరచినచో అదంతయు వీథిపాలగును; వేసవిలో బోరు ఎండినదని ట్యాంకరును పిలువవలసివచ్చును. అట్లుగాక, పునాదికి దూరముగా ఒక ఇంకుడుగుంత త్రవ్వి, అడుగున పెద్దరాళ్లు, వానిపై కంకర, ఆపైన దొడ్డు ఇసుక నింపి, డాబా గొట్టమును దానిలోనికి మళ్లింపుడు.

సిమెంటు పనివారిని పిలుచుటకు ముందు మీ పటమును మరల చూడుడు. గేటు నుండి గుమ్మము దాక నడచుటకు మూడడుగుల బాట చాలును. తక్కిన నేలను మట్టిగానే ఉంచుడు. నేడు వదలిన మట్టిలో రేపు ఏ మొక్కనైనను నాటవచ్చును. పరచిన సిమెంటును పెకలించుటకు మరల కూలి ఇచ్చుకొనవలెను.