అరబ్బీ కొలత, హీబ్రూ పద్యం



పిల్లలకు గణవిభజన నేర్పుతూ జీవితమంతా గడిపిన మాస్టారి స్మారక సభ ఇది. అందుకని, మధ్యయుగపు స్పెయిన్‌లో ముస్లింలు, క్రైస్తవులు, యూదులు ఒకరి సాహిత్యాన్ని ఒకరు అందుకున్న వైనాన్ని ఛందస్సు వైపు నుంచి చెబుతాను. ఆ కాలాన్ని మతసామరస్యానికి స్వర్ణయుగమని పొగడటం వింటుంటాం. నాకు కనిపించేది వేరు. అక్కడ పద్యం చేతులు మారింది స్నేహంవల్లకన్నా పోటీవల్ల, కొలువు కోసం, చాలాసార్లు తగవుల్లోంచి.

10వ శతాబ్దం మధ్యలో కోర్దోబా ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ ఆస్థానంలో హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ అనే యూదు వైద్యుడికి పెద్ద పలుకుబడి ఉండేది. అరబ్బు ప్రభువులు తమ కవులను పోషించినట్టే ఆయన హీబ్రూ కవులను పోషించాడు. బాగ్దాద్‌లో యూదు పండితుడు సాదియా గావోన్ దగ్గర చదువుకున్న దూనాష్ బెన్ లబ్రాత్ ఆయన ఆశ్రయానికి వచ్చాడు. అరబ్బీ ఛందస్సు మన వృత్తాల మాదిరే గురులఘువుల లెక్క మీద నడుస్తుంది. హీబ్రూ ఉచ్చారణలో ఆ భేదం నిలిచి లేదు. పలికీ పలకనట్టుండే 'షెవా' అనే అచ్చును దూనాష్ లఘువు స్థానంలో పెట్టాడు. మిగతా అచ్చులను గురువులుగా లెక్కించాడు. ఎంత సాహసం!

రగడ మొదలైంది. హస్దాయ్ కొలువులోనే ఉన్న నిఘంటుకర్త మెనహెమ్ బెన్ సరూక్‌ను దూనాష్ తీవ్రంగా ఖండించాడు. పరాయి కొలతలు పవిత్రభాషను పాడు చేస్తాయని మెనహెమ్ శిష్యులు ఎదురుతిరిగారు. అయితే తాము పద్యం కట్టవలసి వచ్చినప్పుడు వాళ్లూ ఆ కొలతలనే పట్టుకున్నారు. తర్వాతి తరాల్లో గ్రనాడా మంత్రి షమూయేల్ హనాగీద్ యుద్ధకవితలనూ వాటిలోనే రాశాడు. ఆయన కొడుకు 1066లో గ్రనాడాలో యూదుల మీద జరిగిన ఊచకోతలో హతుడయ్యాడు. స్వర్ణయుగమనే మాట నాకు మింగుడుపడనిది ఇందుకే.

ఇక నాకు అన్నిటికన్నా ప్రియమైన సంగతి మువష్షహ్. ఆండలూసియాలో, అంటే ముస్లింల ఏలుబడిలోని స్పెయిన్‌లో, పుట్టిన గేయరూపమిది. ఒంటిప్రాసతో సాగే పాత అరబ్బీ పద్యానికి భిన్నంగా చరణాలుగా విడుతుంది. చివరి పాదాలను ఖర్జా అంటారు. పద్యమంతా గంభీరమైన గ్రాంథికంలో నడిచి, ఖర్జా దగ్గరికి వచ్చేసరికి వాడుక అరబ్బీలోకో, లాటిన్ నుంచి పుట్టిన ఆ నేలమీది రొమాన్స్ భాష మాటల్లోకో దిగుతుంది. తరచుగా అది ప్రియుడికోసం పరితపించే పడుచు గొంతు. ముందు ఖర్జాను కట్టుకుని, దానికి తగ్గట్టు పైభాగం అల్లుకోవాలని ఈజిప్టు కవి ఇబ్న్ సనాఉల్ ముల్క్ సూత్రం చెప్పాడు. అంటే ఇంటిమాటే పునాది! యూదు కవులు అరబ్బీ గేయాల ఖర్జాలను నిస్సంకోచంగా తీసుకుని వాటిమీద హీబ్రూ గేయాలు కట్టారు. యెహూదా హలేవి ఒక పెద్దమనిషిని హీబ్రూలో స్తుతించి, చివర రొమాన్స్ మాటల్లో ఒక యువతి చేత పాడించాడు. ఆ మాటలు రాసింది హీబ్రూ లిపిలో. 1948లో శామ్యూల్ స్టెర్న్ అనే పండితుడు ఇలాంటి 20 ఖర్జాలను ప్రకటించాక, స్పెయిన్ భాషల తొలినాటి పాటల చరిత్రను పండితులు తిరగరాసుకోవలసి వచ్చింది.

1090లో ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన అల్మొరావిదులు గ్రనాడాను పట్టుకున్నాక, ఆ ఊరి హీబ్రూ కవి మోషే ఇబ్న్ ఎజ్రా ఉత్తరాన క్రైస్తవ రాజ్యాలకు వలసపోయాడు. అక్కడ హీబ్రూ కవిత్వానికి లక్షణగ్రంథం రాశాడు, అరబ్బీ భాషలో. తల్లిలాంటి ఊరు పోయినా, ఆ ఊరి కావ్యభాషను ఆయన వదులుకోలేదు.

13వ శతాబ్దంలో కాస్తీల్ రాజు పదవ అల్ఫోన్సో పేరిట వెలసిన మరియమ్మ గీతాలు 400కు పైగా ఉన్నాయి. గలీసియన్-పోర్చుగీసు భాషలోని ఆ గీతాల్లో చాలావాటి చరణబంధం, మువష్షహ్‌కు తోబుట్టువైన జజల్‌ను పోలి ఉంటుంది. ఆ రాజు నీడలోనే తొలేదో యూదు కవి తోద్రోస్ అబూలాఫియా హీబ్రూ పద్యాలు రాశాడు. 1281లో అదే రాజు యూదులను పట్టి బంధించినప్పుడు తోద్రోస్ కూడా చెరలో పడ్డాడు. అక్కడ కూర్చునీ పద్యాలే రాశాడు.