చిన్న ఊరిలో అద్దె కాపురము

అమెరికాలో మన్‌హాటన్ అనగానే న్యూయార్కు నగరములోని ఆకాశహర్మ్యములు తలపునకు వచ్చును. అదే పేరుతో ఆ దేశపు నడిభాగమున, కాన్సస్ రాష్ట్రములో, మరియొక చిన్న ఊరు కలదు. కాన్సస్ నది, బిగ్ బ్లూ నది కలియుచోట వెలసిన ఈ ఊరి జనసంఖ్య 2020 నాటి లెక్కల ప్రకారము సుమారు 54 వేలు. దీనితో తెలుగువారికి పాత సంబంధమే ఉన్నది. 1964లో రాజేంద్రనగరమున ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు తొలినాళ్లలో చేయూతనిచ్చినది ఈ ఊరి కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమే. ఇట్టి ఊరికి పిల్లలతో కాపురము పోవువారు అద్దె యిల్లు కుదుర్చుకొనునపుడు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని మేమిచట మనవి చేయుదుము.

ఊరిలో విశ్వవిద్యాలయము, చేరువలో ఫోర్ట్ రైలీ సైనిక స్థావరము ఉండుటచే విద్యార్థులును, సైనికుల కుటుంబములును కొన్నేండ్లుండి వెడలిపోవుచుందురు. అందుచేత అద్దె యిండ్లకు కొదువ లేదు. మనవైపు ఇంటి యజమాని క్రింది వాటాలోనో, ప్రక్క వీధిలోనో ఉండును; చాలచోట్ల మాటమీదనే పని జరిగిపోవును. అచట అట్లు కాదు. సమస్తము కాగితముమీద ఉండవలెను.

కాన్సస్ రాష్ట్రములో ఇందుకై 1975లో ఒక చట్టము చేసిరి. దాని ప్రకారము, సామాను లేని యింటికి యజమాని తీసికొను ధరావతు ఒక నెల అద్దెకు మించరాదు. సామానుతో ఇచ్చు ఇంటికి నెలన్నర అద్దెకు మించరాదు. ఇంట ప్రవేశించిన అయిదు దినములలో యజమానియు, అద్దెదారును కలిసి ఇల్లంతయు చూచి, గోడమీది గీత, తివాచీమీది మరక మొదలుకొని ఉన్నదున్నట్లు వ్రాసి, ఇరువురును సంతకములు చేయవలెను. ఆ ప్రతిని భద్రముగా దాచుకొనుడు. ఇల్లు విడుచునాడు ధరావతును కాపాడునది అదియే. వాడుకవలన సహజముగా కలుగు అరుగుదలకు సొమ్ము కోయరాదు. ఇల్లప్పగించి అడిగిన పిమ్మట 30 దినములలో మిగులు పైకము, కోత ఉన్నచో దాని వివరములతో సహా, ముట్టజెప్పవలెను. అన్యాయముగా పట్టి ఉంచినచో, రావలసిన సొమ్ముగాక దానికి ఒకటిన్నర రెట్లు అదనముగా రాబట్టుకొను హక్కు అద్దెదారునకు కలదు.

ఒక్క విషయమున మనవారు మిక్కిలి మెలకువతో ఉండవలెను. కడపటి నెల అద్దెను అడ్వాన్సులో మినహాయించుకొమ్మనుట మనకు వాడుక. కాన్సస్‌లో అట్లు చేసినచో ధరావతు మొత్తమును పోగొట్టుకొనుటయేగాక, ఆ నెల అద్దెయు వేరుగా చెల్లించవలసి వచ్చును.

పిల్లలున్నారని ఇల్లు నిరాకరించుట అమెరికా అంతటను చట్టవిరుద్ధము. జాతిని, మతమును బట్టి భేదము చూపరాదని 1968లో వచ్చిన శాసనమునకు, 1988లో పిల్లలు గల కుటుంబముల రక్షణను కూడ చేర్చిరి. వృద్ధులకై ప్రత్యేకించిన గృహముల వంటి కొన్ని మినహాయింపులు మాత్రము కలవు.

ఇక, అద్దె ఎంత అని అడుగుటతో సరిపుచ్చరాదు. చలికాలమున ఇల్లు వెచ్చజేయు ఖర్చెవరిది? నేలమాళిగ ఉన్నదా? ఈ రెండవ ప్రశ్న వినోదమునకు కాదు. 2008 జూన్ 11వ తేదీ రాత్రి భయంకరమైన టొర్నాడో ఒకటి ఈ ఊరిని తాకి, ఇండ్లను నేలమట్టము చేసినది. సైరను మ్రోగినపుడు పిల్లలతో ఎచటికి పోవలెనో ఇంట దిగిన మొదటి దినముననే నిశ్చయించుకొనవలెను. నేలమాళిగ లేనిచో, క్రింది అంతస్తున కిటికీలు లేని నడిమి గది మేలు.

కాగితము అడుగుట అవిశ్వాసమని మనవారు మొగమాటపడుదురు. అచట దానిని ఎవరును తప్పుపట్టరు. లెక్క స్పష్టముగా ఉన్నచోట యజమానితో పేచీ ఉండదు. ఇరుగుపొరుగుతో స్నేహమునకు తీరిక చిక్కును. చిన్న ఊరిలో కాపురమునకు అంతకంటె కావలసినదేమి?