మొదటి రాయి పని
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మాది క్షురకవృత్తి చేసిన కుటుంబం. నాకు బాగా తెలిసింది కత్తికి సాన పట్టడం. అది చెబితే చదువు సంగతీ అందులోనే వస్తుంది.

ఇప్పుడు సెలూన్లలో సగం బ్లేడు తగిలించి, ఒక్క గడ్డానికి వాడి పారేస్తున్నారు. అంటురోగాల దృష్ట్యా అది మంచిదే. నాన్నగారి పొదిలో ఉండేది మడత కత్తి. దాని పదునంతా చేతి పనితనమే.

సానరాళ్లకు నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు. మొద్దుబారిన కత్తిని 1000 నంబరు రాయితో మొదలుపెట్టి 4000, 8000, చివరికి 12000 దాకా తీసుకెళతారు. నాన్నగారికి ఈ నంబర్లు తెలియవు. వేలితో తడిమి ఏది ముందో, ఏది తర్వాతో చెప్పేవారు.

రాయిని తడిపి, కత్తిని పూర్తిగా పడుకోబెట్టాలి. వీపు, అంచు రెండూ రాయికి ఆనాలి. కోణం సంగతి కత్తి వీపు మందమే చూసుకుంటుంది. అంచు ముందుండేలా తోసి, చివర వీపు మీద పొర్లించి, వెనక్కి తేవాలి. నునుపు రాళ్ల మీదికి వచ్చేసరికి కత్తి బరువే చాలు, చేతి బరువు వేయకూడదు.

అంచు దగ్గర రెండు వైపులా సన్నని వాలు ఉంటుంది. పిడి వైపు నుంచి కొన దాకా ఆ రెండు వాలులను ఒక గీత మీద కలపడం మొదటి రాయి పని. తర్వాతి రాళ్లు ముందు రాయి గీతలను చెరిపి, ఇంకా సన్నని గీతలు పెడతాయి. అంతే. వాలులు కలవని చోట 12000 రాయి మీద గంటసేపు తిప్పినా కత్తి అద్దంలా మెరుస్తుంది గానీ తెగదు. అంచును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే మొద్దుగా ఉన్నచోట తెల్లటి గీత మెరుస్తుంది. పదునైన అంచు కంటికే కనబడదు.

ఆఖరున తోలుపట్టీ. దాని మీద వీపు ముందు నడవాలి. అంచు ముందు నడిస్తే తోలు తెగుతుంది, పదునూ పోతుంది.

మంగలి పని అని తేలిగ్గా అనేసే పనిలో ఇంత లెక్క ఉంది.

మన సంఘం పరీక్షల ముందు పదో తరగతి వారికి ప్రత్యేక తరగతులు నడుపుతోంది. మంచిదే. కానీ అక్కడ కూర్చున్న కొందరికి భిన్నాలు రావు. ఒక పేరా తడబడకుండా చదవలేరు. వాళ్లకు మనం మోడల్ పేపర్లు రుద్దిస్తున్నాం. అది 12000 నంబరు రాయి.

అందుకే నా విన్నపం ఒక్కటి. స్వర్ణోత్సవ నిధిలో సగమైనా ఆరో తరగతికి కేటాయిద్దాం. ఏ పిల్లవాడికి ఎక్కడ తెల్లగీత ఉందో చూసి, అక్కణ్ణుంచే మొదలుపెట్టే టీచరును నియమిద్దాం. ఆ ఫలితాలు పేపర్లో రావు. మొదటి రాయి మీద నీళ్లు నల్లబడతాయి, కత్తి గరుకుగా కనిపిస్తుంది. నాలుగేళ్లు ఓపిక పట్టాలి.

మాకు ఎక్కాలు, ఒత్తులు విసుక్కోకుండా దిద్దించిన మాస్టార్లు ముందు వరుసలో కూర్చున్నారు. ఆ ఓపిక ఏమిటో వారిని అడిగితే చెబుతారు.