రేడియల్, కాకికాలు, స్నోఫ్లేక్: సైకిల్ పుల్లలు ఇలా కూడా అల్లొచ్చా?

ఈ ఎపిసోడ్ అంతా సైకిల్ చక్రం గురించే, అందులోనూ పుల్లల గురించి. స్పోక్స్ అంటే మీకు తొందరగా తెలుస్తుంది గానీ, మా వైపు షాపుల్లో ఇప్పటికీ పుల్లలే అంటారు. నేనూ అదే అంటాను.

ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, నాది డిస్క్ బ్రేక్ సైకిల్. ముందు చక్రం పుల్లలు మొత్తం విప్పించి, క్రాస్ లేకుండా సూటిగా రేడియల్ వేయిస్తున్నా. రీల్స్‌లో చూశా, అదిరిపోయింది. బాగుంటది కదా?"

బాగుంటది. కానీ వేయించొద్దు తమ్ముడూ. ఎందుకొద్దో చెప్పాలంటే చక్రం లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

ఎడ్లబండి చక్రం చూశారా? దానికుండే కర్ర ఆకులు కింద నుంచి బరువును మోస్తాయి, ఇంటికి స్తంభాల్లాగా. సైకిల్ పుల్ల అలా మోయలేదు. ఒక పుల్ల తీసి రెండు చివర్లూ పట్టుకుని నొక్కండి, ఇట్టే వంగిపోతుంది. లాగి చూడండి, మీ వల్ల కాదు. సైకిల్ చక్రం నిలబడేది ఆ లాగుడు మీదే. పుల్లలన్నీ రిమ్మును అన్ని వైపుల నుంచీ మధ్యకి లాగి పట్టి ఉంచుతాయి. ఒక్కో పుల్లలో బిగువు 100 కిలోల దాకా ఉంటుంది. మీరు సీటెక్కితే కింద నేల వైపున్న నాలుగైదు పుల్లల్లో ఆ బిగువు కాస్త తగ్గుతుంది, మిగతావాటిలో పెద్దగా మార్పుండదు. జాబ్స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు 1981లో సైకిల్ చక్రం మీదే ఒక పుస్తకం రాసి ఈ సంగతి లెక్కలు కట్టి చూపించాడు. నులక మంచం అల్లినవాళ్లకి ఇది పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. బిగువున్నంత సేపే మంచం, వదులైతే ఊయల.

సరే, బిగువు ఉంటే చాలు కదా, పుల్లలు ఒకదాని మీద ఒకటి ఎందుకు దాటించడం? ఇక్కడే ఉంది అసలు కథ.

మీ వెనక చక్రం చూడండి. చైన్ తిప్పేది రిమ్మును కాదు, మధ్యలో ఉన్న హబ్‌ను. హబ్ తిరిగితే రిమ్ము తిరగాలి, ఆ రెండింటి మధ్య పుల్లలు తప్ప ఇంకేం లేదు. పుల్ల హబ్ అంచు నుంచి పక్కకి వాలుగా బయలుదేరితే హబ్ తిరగగానే రిమ్మును లాగుతుంది. బావిలో చేద వేసినప్పుడు తాడు గిలకకి ఒక పక్క నుంచి దిగుతుంది చూడండి, అలా. అదే పుల్ల ఇరుసుకి ఎదురుగా నిటారుగా ఉంటే దానికి తిప్పే పట్టు ఏముంది? హబ్ ముందు కాస్త మెలి తిరగాలి, పుల్ల కాస్త వాలాలి, అప్పుడు గానీ రిమ్ము కదలదు.

ఇది కొత్త సమస్యేం కాదు. 1870లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్‌మన్ కలిసి ఏరియల్ అని పెద్ద ముందు చక్రం సైకిల్ చేశారు. పెడల్స్ ఆ ముందు హబ్‌కే ఉండేవి, తీగ పుల్లలేమో సూటిగా ఉండేవి. దాంతో తిప్పుడు బలం కోసం హబ్ నుంచి రిమ్ముకి వేరేగా కడ్డీలు బిగించాల్సి వచ్చింది. 1874లో స్టార్లీయే పుల్లల్ని వాలుగా దాటించే అల్లికకి పేటెంటు తీసుకున్నాడు. ఆ కడ్డీలతో పని లేకుండా పోయింది. ఇవాళ మన సైకిళ్లలో ఎక్కువగా కనిపించే మూడు క్రాస్ అల్లిక, అంటే ఒక పుల్ల మూడు పుల్లల్ని దాటి రిమ్ముకి చేరడం, ఆ వంశమే.

ఇప్పుడు తమ్ముడి డిస్క్ బ్రేక్ సంగతి. డిస్క్ ఎక్కడుంది? హబ్ మీద. బ్రేకు పట్టేది హబ్‌ను, ఆగాల్సింది రిమ్ము, టైరు. గట్టిగా బ్రేకేస్తే టైరు దగ్గర 30 కిలోల బలం ఉందనుకుందాం. మూడు క్రాస్ వేసిన 32 పుల్లల చక్రంలో అది ఒక్కో పుల్లకి సుమారు 15 కిలోల తేడాగా పంచుకుంటుంది. సగం పుల్లల్లో పెరుగుతుంది, సగంలో తగ్గుతుంది. 100లో 15 ఎక్కువ తక్కువలు, పుల్లకి అది లెక్కే కాదు. రేడియల్‌లో ఆ పంపకం లేదు. బ్రేకు పట్టిన ప్రతిసారీ హబ్ మెలి తిరుగుతుంది, పుల్ల మెడ దగ్గర వంపు కదులుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుందో మీకు తెలుసు. పైగా సూటి పుల్ల హబ్ అంచును నేరుగా బయటికి లాగుతుంది. అల్యూమినియం హబ్ అయితే రంధ్రం దగ్గర చీలిపోవచ్చు. వాలు దిగుతున్నప్పుడు ముందు చక్రంలో అలా జరిగితే ఏంటి పరిస్థితి?

మరి రేసు సైకిళ్ల ముందు చక్రాలకి రేడియల్ ఉంటుంది కదా? ఉంటుంది. అవి రిమ్మును పట్టే బ్రేకుల సైకిళ్లు. బ్రేకు రిమ్మునే పట్టుకుంటుంది, హబ్‌కి ఆ గొడవే తగలదు. హబ్ తయారుచేసినవాళ్లు రేడియల్‌కి ఒప్పుకుంటే అక్కడ హాయిగా వేసుకోండి. కానీ మూడు క్రాస్‌లో ఏళ్ల తరబడి తిరిగిన పాత హబ్‌ను తెచ్చి రేడియల్ వేయకండి. పాత పుల్లలు రంధ్రాల్లో గాట్లు పెట్టి ఉంటాయి, కొత్త లాగుడు ఆ గాటు దగ్గరే చీలుస్తుంది.

అలాగని మామూలుగా లేని అల్లికలన్నీ షోకు కోసమే అనుకోకండి. ఎలక్ట్రిక్ కిట్‌లో వచ్చే హబ్ మోటారు చూడండి, పళ్లెమంత ఉంటుంది. దానికి మూడు క్రాస్ వేస్తే పుల్ల రిమ్ములోకి మరీ వాలుగా దిగి నిపుల్ దగ్గర వంగుతుంది, మర ఉన్నచోటే విరుగుతుంది. అక్కడ ఒక్క క్రాసే సరైన పని. హబ్ అంత పెద్దది కాబట్టి ఒక్క క్రాస్‌తోనే కావాల్సిన వాలు వచ్చేస్తుంది. "అన్నిటికీ మూడు క్రాసే" అని మెకానిక్ మొండికేస్తే ఈ ముక్క చెప్పండి.

నాకు బాగా నచ్చింది కాంపాన్యోలో వాళ్ల జీ3. వెనక చక్రానికి కుడి పక్క గేర్ల పళ్లు చోటు తినేస్తాయి. అందుకని కుడి పుల్లలు దాదాపు నిటారుగా, బాగా బిగువుగా ఉంటాయి. ఎడమవి చాలా చక్రాల్లో దాంట్లో సగం బిగువుతోనే ఉంటాయి. వదులుగా ఉన్న పుల్లకి నిపుల్ తిరిగిపోతుంది, చక్రం బెండు వస్తుంది. జీ3లో పుల్లలు మూడేసి గుంపులుగా ఉంటాయి, కుడి వైపు రెండు, ఎడమ వైపు ఒకటి. ఎడమ సంఖ్య సగం కాబట్టి ఒక్కోదాని మీద బిగువు పెరుగుతుంది, రెండు పక్కలూ సమానానికి దగ్గరవుతాయి. చూడ్డానికి ఫ్యాషన్‌లా ఉంటుంది, లోపల ఉన్నది పక్కా లెక్క.

ఇక కాకికాలు. నిజంగా కాకి అడుగులాగే, మూడు పుల్లల గుంపులో మధ్యది సూటిగా ఉంటుంది, అటూ ఇటూ ఉన్నవి వాలుగా క్రాస్ అవుతాయి. దీనివల్ల బలం పెరగదు, అలాగని పెద్దగా పోయేదీ లేదు, తిప్పుడు బలాన్ని వాలు పుల్లలు చూసుకుంటాయి. కానీ హబ్ ఒక్కో పక్క రంధ్రాల సంఖ్య మూడుతో భాగించబడాలి. 36 రంధ్రాల హబ్ అయితే పక్కకి 18, సరిపోతుంది. 32కి పక్కకి 16, కుదరదు. మన పాత నల్ల సైకిళ్లకి ముందు 32, వెనక 40, రెండూ కుదరవు. తాతగారి సైకిల్ మీద కన్నేసినవాళ్లు వదిలేయండి.

పుల్లల పొడవు కూడా మారుతుంది. నేనొక 36 రంధ్రాల చక్రానికి లెక్క కట్టాను. మూడు క్రాస్‌కి 290 మిల్లీమీటర్లు, అదే చక్రానికి రేడియల్ పుల్ల 279. నిపుల్ మరలో సర్దుకునేది రెండు మూడు మిల్లీమీటర్లే. కాబట్టి పాత పుల్లలే తిప్పి వేసేస్తానని ఎవరైనా అంటే నమ్మకండి. కాకికాలుకి రెండు రకాల పొడవులు కొనాలి.

చివరగా స్నోఫ్లేక్. రీల్స్‌లో రాజ్యమేలేది ఇదే. రెండేసి పుల్లల్ని మధ్యలో జడలా మెలేస్తారు, చక్రమంతా మంచు పువ్వులా కనిపిస్తుంది. ఫొటోకి నేనూ లైక్ కొట్టాను. రోజూ తొక్కే సైకిల్‌కి మాత్రం వద్దంటాను. మెలి దగ్గర పుల్లలు రెండూ వంగే ఉంటాయి, చక్రం తిరిగేకొద్దీ అక్కడే ఒకదాన్నొకటి రాసుకుంటాయి, కిర్రుమంటాయి. ఒకటి బిగిస్తే రెండోది కదులుతుంది, బెండు తీసేవాడికి నరకం. దారిలో ఒకటి విరిగితే జతది కూడా వదులైపోతుంది, రిమ్ము ఒక్కసారిగా పక్కకి లాగేస్తుంది. క్రాస్ దగ్గర పుల్లల్ని తీగతో కట్టి టంకం వేస్తే చక్రం గట్టిపడుతుందని పాత రేసు మెకానిక్కుల నమ్మకం ఒకటుంది. ఇందాక చెప్పిన బ్రాంట్ దాన్ని కొలిచి చూశాడు, తేడా ఏమీ కనిపించలేదు. మరి మెలేస్తే ఏం వస్తుంది?

తమ్ముడూ, నీ డిస్క్ చక్రానికి మూడు క్రాస్ అలాగే ఉంచు. రంగు తేవాలనుంటే నిపుల్స్ రంగువి వేయించు. సరదా తీరాలంటే రిమ్ బ్రేకున్న పాత 36 రంధ్రాల ముందు చక్రం ఒకటి సంపాదించి దానికి కాకికాలు వెయ్యి. వేశాక రెండేసి పుల్లలు కలిపి చేత్తో గట్టిగా నొక్కు, టిక్ టిక్ అని సర్దుకుంటాయి. మళ్ళీ బెండు చూసి తియ్యి. వంద కిలోమీటర్లు తొక్కాక ఇంకోసారి చూడు. ఫొటో పంపు, వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటాను ఫ్రెండ్స్.