ఎగ్మూరులో మన పెన్న గట్టు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

బడి ముచ్చట్లు ఇంతసేపూ విన్నాం. నేను ఒక మ్యూజియం సంగతి చెప్తాను. మద్రాసు నడిబొడ్డున, ఎగ్మూరులో, 1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియం ఉంది. ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ఆదివారం అక్కడికి పోయినాను. ఒక రాతి స్తంభం దగ్గర ‘దానవులపాడు, కడప జిల్లా’ అని చదివి అక్కడే నిలబడిపోయినాను.

మన జమ్మలమడుగు పక్కన, పెన్న గట్టున ఉండే దానవులపాడే అది! ఇసుకలో పూడిపోయిన అక్కడి జైన ఆలయం 1903లో అలెగ్జాండర్ రే తవ్వకాలతో బయటపడింది. శాంతినాథుని అభిషేకం కోసం రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు చేయించిన పీఠం అక్కడ దొరికింది. కత్తి పక్కన పెట్టి సన్యసించిన సేనాని శ్రీవిజయుని శాసనస్తంభం కూడా అక్కడిదే. పెద్దముడియంలో దొరికిన దేవతల శిల్పఫలకం కూడా ఆ మ్యూజియంలోనే ఉంది.

ఇవన్నీ అంత దూరం ఎందుకు పోయినాయి? అప్పుడు మన జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. కడపలో భగవాన్ మహావీర్ మ్యూజియం ఏర్పడింది 1982లో. పోయినవి పోయినాయని బాధపడాల్సిన పనిలేదు. అవి భద్రంగా ఉన్నాయి. నా బాధల్లా ఇక్కడ మిగిలినవాటి గురించే. చేను గట్టున ఒరిగిన వీరగల్లు, బట్టలుతికే బండగా మారిన శాసనం ఎన్నాళ్లుంటాయి? వాటి విలువ తెలిసినోళ్లు ఊర్లో ఒకరన్నా ఉండాల.

అందుకే సంఘానికి నాదొక మనవి. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను ముందు దానవులపాడుకు, తర్వాత కడప మ్యూజియానికి తీసుకుపోదాం. పదో తరగతి పరీక్షలయినాక ఎర్రగుంట్లలో రైలెక్కించి ఎగ్మూరు చూపిద్దాం. మొదటి ఏడు బస్సు ఖర్చు నాది. సాంఘికశాస్త్రం సార్లు ముందే పాఠం చెప్పి పంపితే చాలు.

రేపు ఇంటి పునాది తవ్వేటప్పుడు చెక్కిన రాయి బయటపడితే, ‘నాయనా, పగలగొట్టొద్దు, ముందు తహసీల్దారుకు చెప్దాం’ అనే పిల్లోడు మన బడిలో చదివినోడై ఉండాల. సెలవు.