వీథిలోని పిల్లి, ఇంటిలోని మృగము



2024 అక్టోబరులో మన మియాపూరు మెట్రో స్టేషను చెంత చిరుతపులి తిరుగుచున్నదను వార్త పుట్టినది. చిత్రము ఫోను నుండి ఫోనునకు పరుగెత్తగా ఊరంతయు కలవరపడెను. అటవీశాఖవారు పరిశీలించి అది చిరుత కాదు, అడవిపిల్లి యని తేల్చిరి. పిల్లికి జడిసితిమని నవ్వుకొన నక్కరలేదు. తెలియని మృగమునకు భయపడుట వివేకమే. నాకు వింతగొలుపునది వేఱొకటి. వీథిలోని పిల్లికి బెదరిన మనమే, ఏ ఖండముననో పుట్టిన ప్రాణిని వెలపెట్టి తెచ్చి, పిల్లవాని పడకచెంత నుంచుకొనుచున్నాము.

అంగళ్ళలో గాజుతొట్టెలనుంచి అమ్మెడి యెఱ్ఱచెవుల తాబేలును చూడుడు. దాని పుట్టినిల్లు ఉత్తర అమెరికా. కొన్ననాడు రూపాయిబిళ్ళంత, పెరిగినచో అడుగు పొడవునకు రాగలదు, ముప్పదియేండ్లు బ్రదుకగలదు. లెక్కలు వ్రాయువాడను గనుక నొకమాట చెప్పెదను: కొన్నవాడు వెలను మాత్రమే ఖర్చులో వ్రాసికొనును, ముప్పదియేండ్ల మేపును వ్రాసికొనడు. విసిగిననాడు చెరువులో విడిచి పుణ్యము చేసితి ననుకొనును. అచట నది మన తాబేళ్ళ మేతకును, అవి యెండ కాగు తావులకును పోటీకి వచ్చును. అంతియే కాదు. తాబేళ్ళ యొడలిపై సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును. తాకిన చేతిని నోటబెట్టుకొను పసిబిడ్డకు జ్వరము, విరేచనములు పట్టుకొనును. అందుచేత అమెరికావారు నాలుగంగుళములకు తక్కువైన తాబేళ్ళ విక్రయమును 1975 లోనే నిషేధించిరి. పుట్టినింటివారు వెఱచిన ప్రాణి మనకు ముద్దువచ్చినది!

ప్రేమతో పెంచిన చాలదా యని కొందఱందురు. మన తణుకు నుండి వైద్యవిద్యకై ఉక్రెయినునకు పోయి అచటనే వైద్యుడైన యొకరు, జాగ్వారును, నల్లచిరుతను పెంచుకొనిరి. 2022 లో యుద్ధము వచ్చినది. మనవారందఱు తరలి వచ్చుచుండగా ఆయన వానిని విడువలేక బాంబుల నడుమ నిలిచిపోయెను. తుదకు వానినొక రైతునకు అప్పగించి, తాను పోలండునకు పోక తప్పలేదు. ఆయన ప్రేమను శంకింపను. కాని ఆ మృగములను వెంట గొనిపోవుటకు వీలులేదు, వదలుటకును వీలులేదు. ఆ సంకట మెట్టిదో యోచింపుడు.

మన బీరువాలోనున్న భారతమున, శాంతిపర్వమునందు, ఒక ముని తన కుక్కను రక్షింపగోరి చిరుతను చేసెను, పులిని చేసెను, తుదకు శరభమును చేసెను. అది మునినే తినజూచినది. నీచునకు పదవి యిచ్చిన ఫలమని పెద్దలు దీనికి అర్థము చెప్పుదురు. నాకు మాత్రము కుక్క దోషము కనబడదు. వేలయేండ్లుగ మనుజునితో మెలగిన జాతికి అడవిమృగము స్వభావ మంటగట్టినది మునియే కదా! ఆయనకు దానిని మరల కుక్కను చేయు తపశ్శక్తి యుండెను గనుక బ్రదికిపోయెను. మనకది లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన రామచిలుకను, నక్షత్రతాబేలును ఇంట నుంచుట నేరము. 2022 సవరణము, 2024 నియమముల ప్రకారము, అంతర్జాతీయ ఒడంబడిక పట్టికలలోనున్న విదేశీప్రాణులను పెంచువారు నమోదు చేయించుకొనవలెను. నమోదైనంత మాత్రమున కోఱ మొక్కవోదనుకొనుడు.

ఇదివఱకే చిలుకను పెంచుచున్నవారు ఈ మాటలు విని రేపే పంజరము తలుపు తీయవలదు. రెక్కలు కత్తిరింపబడి, మేత వెదకుట యెఱుగని పక్షి కాకులపాలగును. అటవీశాఖవారికి తెలిపి అప్పగింపుడు. తాబేలు నేమి చేయవలెనో వారినే యడుగుడు. చెరువునకు మాత్రము గొనిపోకుడు.