సర్వర్ మార్చినా పాత సైటే వస్తోందా? ఇలా చెక్ చేయండి

పచ్చళ్లు అమ్మే సైట్‌ని కొత్త సర్వర్‌కి మార్చారనుకుందాం. వైఫైలో కొత్త సైట్ వస్తోంది, మొబైల్ డేటాలో పాతదే. లైట్ తీసుకోకండి. పాత సైట్‌లో పెట్టిన ఆర్డర్ పాత డేటాబేస్‌లోకే పోతుంది. కస్టమర్ డబ్బు కట్టేస్తాడు, మీకు ఆర్డరే కనపడదు.

చాలామంది వెంటనే బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేస్తారు. దాంతో మీ ఒక్క ఫోనే బాగవుతుంది. ముందు పాత ఐపీ ఎవరు ఇస్తున్నారో పట్టుకోవాలి.

కంప్యూటర్‌లో ఎన్ఎస్‌లుకప్ కమాండ్ కొట్టి, డొమైన్ పేరు, దాని పక్కన మీ నేమ్‌సర్వర్ పేరు ఇవ్వండి. అక్కడే పాత ఐపీ వచ్చిందా? అయితే రికార్డు మారలేదు. డొమైన్ కొన్నది ఒకచోట, నేమ్‌సర్వర్లు ఇంకోచోట ఉంటే, మీరు మార్చింది ఎవరూ చూడని చోట అయ్యుండొచ్చు.

అక్కడ కొత్తది వచ్చి, 8.8.8.8ని అడిగితే పాతది వస్తే, అది క్యాష్. పాత టీటీఎల్ 86400 సెకన్లయితే 24 గంటల దాకా ఆగాల్సిందే.

అన్నిచోట్లా కొత్తదే వచ్చినా మొబైల్ డేటాలో పాతదేనా? ఏఏఏఏ రికార్డు చూడండి. 'ఏ' రికార్డు ఐపీవీ4కి, ఏఏఏఏ ఐపీవీ6కి. మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ6 వాడకం ఎక్కువ. ఒకటి మార్చి రెండోది మర్చిపోతే సరిగ్గా ఇలాగే అవుతుంది.

ఈసారి సర్వర్ మార్చేటప్పుడు కనీసం ఒక రోజు ముందే టీటీఎల్ 300కి తగ్గించండి. పాత సర్వర్‌లో ఆర్డర్లు ఆపి, మెయింటెనెన్స్ పేజీ పెట్టండి. అందులో మిగిలిన ఆర్డర్లన్నీ తెచ్చుకున్నాకే దాన్ని డిలీట్ చేయండి.